దానంతట అదే

ముప్ఫై ఏడో వారం నిండిన రోజు డాక్టరుగారు కేలండరు నా వైపు తిప్పి, వచ్చే గురువారం మీద వేలు ఉంచారు. "ఆ రోజుకి ముప్ఫై ఎనిమిది నిండుతాయి. నొప్పులు రావడానికి మందు పెడదాం. ఇంట్లో ఆలోచించుకుని చెప్పమ్మా" అన్నారు. బయట బల్ల మీద కూర్చున్న అమ్మకి ఆ మాట రుచించలేదు. "తేదీ పెట్టుకుని పురుడు పోసుకోవడమేమిటే? నొప్పి దానంతట అదే రావాలి గానీ!" అంది.

పైకి అనలేదు గానీ నా మనసులో మాటా అదే. పదకొండో ఏట నాకు టైప్ 1 డయాబెటిస్ వచ్చింది. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లుగా నా ఒంట్లో దానంతట అదే జరిగింది తక్కువ. ముద్ద అన్నానికీ లెక్కే, నాలుగడుగుల నడకకీ లెక్కే. కడుపుతో ఉన్నప్పుడు ఆ లెక్క ఇంకా బిగిసింది: పరగడుపున 95 లోపు, తిన్న గంటకి 140 లోపు. మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి కాబట్టి ఎనిమిదో నెలకి నా మోతాదు దాదాపు రెట్టింపయింది. అందుకే పురుడొక్కటైనా నా ఒళ్లు తనకు తానుగా చేస్తుందని ఆశ పెట్టుకున్నాను.

డాక్టరుగారు నన్ను భయపెట్టలేదు. కారణాలు విడమరిచి చెప్పారు. షుగరున్న తల్లులకి చివరి వారాల్లో బిడ్డ కడుపులోనే పోయే ప్రమాదం మిగతావాళ్ల కన్నా ఎక్కువ. స్కానింగులూ గుండె చప్పుడు పరీక్షలూ దాన్ని ప్రతిసారీ ముందుగా పట్టుకోలేవు. అలాగని మరీ తొందరపడితే బిడ్డ ఊపిరితిత్తులు పక్వానికి రాకపోవచ్చు. బ్రిటన్‌లోని నైస్ సంస్థ వేరే చిక్కులు లేని టైప్ 1 తల్లులకి ముప్ఫై ఏడు వారాల నుంచి ముప్ఫై ఎనిమిది వారాల ఆరు రోజుల లోపు కాన్పు చేయమంటుంది. షుగరు అదుపులో ఉంటే ముప్ఫై తొమ్మిదో వారం నిండాక చేయవచ్చంటుంది అమెరికాలోని ప్రసూతి వైద్యుల సంస్థ. ఒకే భయాన్ని చూసి పెద్దవాళ్లు రెండు చోట్ల గీత గీశారు. ఆ రెండు గీతల నడుమ నేను నిలబడ్డాను.

ఆ రాత్రి ఎడమవైపు ఒత్తిగిలి బిడ్డ కదలికలు లెక్కపెడుతూ నన్ను నేనే అడిగాను: ఆగాలని ఉన్నది బిడ్డ కోసమా, నా కోసమా? జవాబు చెప్పుకోవడానికి సిగ్గేసింది. ఆగితే ఏం జరిగినా అది విధి. మందు పెట్టించుకుంటే ఏం జరిగినా నా నిర్ణయం. నేను సహజత్వమని పేరు పెట్టుకున్నదాంట్లో సగం, నింద నా మీదికి రాకూడదన్న కోరికే.

తెల్లవారుజామున షుగరు పడిపోయి చెమటలు పట్టాయి. పిలవకుండానే అమ్మ గ్లూకోజు నీళ్లతో వచ్చింది. నా చిన్నప్పుడు కూడా ఇంతే. ఊళ్లో కరెంటు పోయినప్పుడల్లా ఇన్సులిన్ సీసాని తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో పెట్టి కాపాడిన మనిషి. నేను తాగుతుంటే గ్లాసు వైపే చూస్తూ మెల్లగా అంది: "నీకు మొదటి సూది నేనే వేశాను. చెయ్యి వణికింది. అదే తగ్గిపోతుంది, పసిదానికి సూదులెందుకని ఎంతమంది అన్నారో! నేను ఆగలేదు కదా." కాసేపు ఊరుకుంది. "గురువారమే వెళ్దాంలే."

గురువారం మందు పెట్టారు. మర్నాడు సాయంత్రానికి గానీ నొప్పులు అందుకోలేదు. ఒక సెలైన్‌లో ఇన్సులిన్, ఒకదాంట్లో గ్లూకోజు, గంటగంటకీ వేలికి సూది. తీరా నొప్పి వచ్చాక, అది పిలిస్తే వచ్చిందో తనే వచ్చిందో పోల్చుకునే తీరిక నాకు లేకపోయింది. శనివారం తెల్లారేసరికి పాప పుట్టింది. గంట తిరక్కుండా దాని మడమ మీద సూది గుచ్చి చూస్తే షుగరు 38. కడుపులో నా చక్కెరకి అలవాటుపడి దాని ఒళ్లు ఇన్సులిన్ ఎక్కువగా చేసుకుంటుంది. బొడ్డుతాడు కోయగానే చక్కెర ఆగుతుంది, ఇన్సులిన్ మిగిలిపోతుంది. ఆ మడమ మీద రక్తపు చుక్క చూసి నేను ఏడ్చాను. నర్సు ముర్రుపాలు చేత్తో పిండించి చెంచాతో పట్టింది. తర్వాతి లెక్క 52. మాయ పడిపోయింది కాబట్టి ఆ రాత్రికే నా మోతాదు సగానికి తగ్గించారు.

ఇంకో వారం ఆగి ఉంటే ఏమయ్యేదో నాకు ఎప్పటికీ తెలియదు. నాలాంటి మరొకరికి ముప్ఫై తొమ్మిదో వారమే సరైనది కావచ్చు. ఒకరి గీత ఇంకొకరికి పనికిరాదు. నాకు అర్థమైంది ఒక్కటే. దానంతట అదే జరిగిందని మనం అనుకునే చాలా వాటి వెనుక వణుకుతూనే ముందుకొచ్చిన ఒక చెయ్యి ఉంటుంది. ఫలితం తెలియకుండానే, మంచి కోరి, బాధ్యత తన మీద వేసుకున్న చెయ్యి. నేను పద్దెనిమిదేళ్లు బతికింది అలాంటి చేతి వల్లే. అయినా నా వంతు వచ్చినప్పుడు చెయ్యి వెనక్కి తీసుకోబోయాను.

తను ఎలా పుట్టిందని పాప ఏదో ఒకరోజు అడుగుతుంది. పిలిచాం, వచ్చావు అని చెబుతాను.