రాయబారం ఆగిపోయే చోటు

2025 జులై 2, బుధవారం

ఇంట్లో కంప్యూటర్‌లో ఏ ప్లేయర్ పెట్టినా నిలవడం లేదు. పాట నడుస్తూ నడుస్తూనే తెర మీంచి టక్కున మాయమవుతోంది. ఒక్కోసారి రెండు పాటలకే, ఒక్కోసారి గంట దాటాక. "ఈ ప్లేయర్ పాడైందిరా, వేరేది ఎక్కించు" అన్నారు నాన్న. ఎక్కించాను. అదీ అంతే.

వేరేది ఎక్కించడం వల్ల తేలేది తక్కువే. ఉచితంగా దొరికే ప్లేయర్లలో చాలావాటి లోపల పనిచేసే సరుకు ఒకటే: 2000లో ఫాబ్రిస్ బెల్లార్డ్ అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ మొదలుపెట్టిన ఎఫ్ఎఫ్ఎంపెగ్. మన షెడ్లలో బాడీ కట్టే లారీల సంగతీ ఇంతే కదా. క్యాబిన్ వేరు, రంగులు వేరు, ముందు రాసిన దేవుడి పేరు వేరు, కింద ఛాసిస్ మాత్రం ఒకే కంపెనీది. ఇంజనులో లోపముంటే బాడీ మార్చి లాభం లేదు. అందుకని విండోస్‌తోపాటే వచ్చే ప్లేయర్‌లో పెట్టి చూశాను, దాని ఇంజను వేరు కాబట్టి. కాసేపటికి అదీ మాయం. రెండు ఇంజన్లూ ఒకేలా ఆగుతున్నాయంటే తప్పు వాటిది కాదు, వాటి కింద ఇంకెక్కడో ఉంది.

జులై 3, గురువారం

మా కొట్టు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడిని అడిగాను. కేబినెట్ చూడకుండానే "విండోస్ కొట్టేద్దాం సార్, గంటలో ఇచ్చేస్తా" అన్నాడు. ఈ మాట నాకు అస్సలు నచ్చదు. కారణం తెలియకుండా ఫార్మాట్ కొడితే కారణం అక్కడే ఉంటుంది, పోయేది మన సామాను.

మా డి డ్రైవ్‌లో పోకూడనిది ఒకటుంది. తొంభైల్లో ఉయ్యూరులో బాబాయి కృష్ణుడి వేషం కట్టిన రాయబారం. వీడియో కేసెట్ మీద తీసి, తర్వాత వీసీడీలు చేయించారు. అవి సింగ్‌నగర్‌లో బాబాయి ఇంట్లోనే ఉండేవి. నిరుడు సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చిన రోజుల్లోనే బుడమేరు వాగు సింగ్‌నగర్‌ను ముంచేసింది. బురద నీళ్లలో నాని వీసీడీల పైపొర ఊడి వచ్చింది. ఇప్పుడు ఆ నాటకం మిగిలింది మా కంప్యూటర్‌లోనే.

కాబట్టి ముందు కాపీ, తర్వాతే రిపేరు. హార్డ్ డిస్క్ విప్పి కొట్టుకు పట్టుకెళ్లాను. అక్కడి కంప్యూటర్‌కి కేబుల్‌తో తగిలించి రాయబారం, నాన్న పాటలు, ఫొటోలు రెండు చోట్ల ఎక్కించాను. రోగం ఎక్కడుందో తెలియని మిషన్ చేత కాపీ చేయించకూడదు. ర్యామ్ చెడితే, చదివి రాసే మధ్యలోనే ఒకటో రెండో బిట్లు మారిపోతాయి. పైకి ఏ ఎర్రరూ చూపించదు.

జులై 4, శుక్రవారం

రాత్రి విండోస్ తన తప్పులు రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి కూర్చున్నాను. విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్ అనే చోట, ప్లేయర్ పడిపోయిన ప్రతిసారీ ఎర్ర గుర్తుతో ఒక వరుస పడుతుంది, నంబరు 1000. అందులో రెండు పేర్లుంటాయి. పడిపోయిన అప్లికేషన్ ఏదన్నది ఒకటి, అది ఏ మాడ్యూల్‌లో ఉండగా పడిందన్నది రెండోది. చాలామంది మొదటిది చదివి ఆగిపోతారు. అసలు సంగతి రెండోదాంట్లో ఉంటుంది.

ప్రతిసారీ గ్రాఫిక్స్ డ్రైవర్ పేరే వస్తుంటే డ్రైవర్ మార్చాలి. ప్రతిసారీ ఒకే కోడెక్ పేరు వస్తుంటే ఆ కోడెక్ తీసేయాలి. మాదాంట్లో ఒకసారి సౌండ్‌కి సంబంధించినది, ఒకసారి విండోస్ సొంత ఫైలు ఎన్‌టీ డీఎల్ఎల్, ఇంకోసారి ప్లేయర్‌దే. ఒకదానికొకటి పొంతన లేదు. కోడ్ మాత్రం ఎక్కువసార్లు సి0000005. తనది కాని మెమరీ చోటును ముట్టుకోబోయిందని దానర్థం. పేరు ఇలా పూటకొకటి మారుతుంటే ర్యామ్‌ను అనుమానించాలి.

ఇంకో ఆనవాలుంది. ఒకే ఫైలు ఒకే నిమిషం దగ్గర ఆగితే ఫైలులో తప్పు. ఏ ఫైలైనా ఎక్కడపడితే అక్కడ ఆగితే మిషన్‌లో తప్పు. మా ఇంట్లో రెండూ ఉన్నట్టున్నాయి. పాటలు ఎక్కడైనా ఆగుతున్నాయి, రాయబారం మాత్రం ఎప్పుడు పెట్టినా నలభై ఒకటో నిమిషంలోనే ఆగుతుందని నాన్న అంటున్నారు. రెండు రోగాలు కలిసుంటే ఒకదాని మందు రెండోదానికి పనిచేయలేదని మందునే తిట్టుకుంటాం. విడివిడిగా చూడాలి.

జులై 5, శనివారం

ప్లేయర్ సెట్టింగుల్లో హార్డ్‌వేర్ డీకోడింగ్ ఆపి చూశాను. తేడా లేదు. మళ్లీ ఎప్పటిలా పెట్టేశాను. ఒకసారికి ఒక్కటే మార్చాలి, పనిచేయకపోతే వెనక్కి పెట్టాలి.

మేనల్లుడు ఫోన్‌లో "మావయ్యా, కోడెక్ ప్యాక్ దింపుకో" అన్నాడు. వద్దన్నాను. ఇప్పటి ప్లేయర్లు కావలసిన కోడెక్‌లు తమలోనే పెట్టుకుని వస్తాయి. పైనుంచి ఇంకో మూట దింపితే కొత్త తగవులు. అసలు ఎక్కడి నుంచి దింపుతున్నామన్నది ముఖ్యం. విఎల్‌సి సైటు 2022లో మన దేశంలో నెలల తరబడి తెరుచుకోలేదు. ఎందుకు ఆపారో బయటికి చెప్పలేదు. ఆ ప్లేయర్ తయారుచేసే సంస్థ లీగల్ నోటీసు పంపాక నవంబరులో వదిలారు. పారిస్‌లో ఇంజనీరింగ్ విద్యార్థులు 1996లో మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. 2001 నుంచి కోడ్‌తో సహా అందరికీ ఉచితం. అలాంటిదాని అసలు సైటు మూయడమంటే, అదే పేరు పెట్టుకున్న నకిలీలకు తలుపు తీయడమే. తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

జులై 6, ఆదివారం, తొలి ఏకాదశి

మా ఇంటి వెనక వరసంతా ఆటోనగర్ షెడ్లే. అక్కడ వెల్డింగ్ అంటుకుంటే ఇక్కడ ట్యూబులైటు గుడ్డిదవుతుంది. నాన్న అనుమానం మొదట్నుంచీ కరెంటు మీదే. ఇవాళ షెడ్లన్నీ మూసి ఉన్నాయి, లైటు రెప్ప వేయలేదు. పొద్దున భక్తి పాటలు పెట్టారు. పదిన్నరకల్లా ప్లేయర్ మాయం. కరెంటు అనుమానం తీరిపోయింది.

మధ్యాహ్నం విండోస్‌లోనే ఉండే మెమరీ డయాగ్నస్టిక్ నడిపాను. రీస్టార్ట్ అయి నీలం తెర మీద తనపాటికి తాను పరీక్ష చేసుకుంటుంది. మొదటి విడత పూర్తికాకముందే, హార్డ్‌వేర్ సమస్య కనబడిందని రాసింది. నాన్నకు చదివి వినిపించాను. "అయితే ప్లేయర్ మంచిదేనన్నమాట పాపం" అన్నారు.

మంచిదే. నేను రాత్రిళ్లు లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్ ఒక మూల కూర్చుని కొంచెం మెమరీతో సరిపెట్టుకుంటుంది. ప్లేయర్ అలా కాదు. డిస్క్ నుంచి చదవాలి, విప్పాలి, సెకనుకు పాతిక బొమ్మలు తెరకు పంపాలి, శబ్దం జత కలపాలి, గంటల తరబడి మెమరీని నింపుతూ ఖాళీ చేస్తూ ఉండాలి. చెడ్డ చోటు ఎక్కడున్నా ముందు దాని కాలికే తగులుతుంది. తగిలినవాడినే దొంగ అంటున్నాం.

జులై 7, సోమవారం

కేబినెట్ విప్పాను. ఆటోనగర్ దుమ్ము మామూలు దుమ్ము కాదు. ఫ్యాన్ రెక్కల మీద నల్లగా, జిడ్డుగా పేరుకుంది. అయస్కాంతం మొన ఉన్న స్క్రూడ్రైవర్‌ను దగ్గరికి తీసుకెళితే, ఆ నల్లటి పొడిలోంచి సన్నటి రజను లేచి మొనకు మీసాల్లా అంటుకుంది. గ్రైండింగ్ రజను! కరెంటు పారే బోర్డు మీద ఇనుప పొడి ఉండనివ్వకూడదు. బ్రష్‌తో దులిపి, బ్లోయర్ దూరంగా పట్టి ఊదాను. ఊదేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలు అడ్డం పెట్టాలి.

ర్యామ్ ముక్కలు రెండు. వాటి బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో తుడిచి, పొట్టు దులిపి, ఒక్కొక్కటే పెట్టి పరీక్షించాను. మొదటి ముక్క శుభ్రంగా దాటింది. రెండోదానికి ఎర్రర్లు. తప్పు ముక్కదా, స్లాటుదా? రెండోదాన్ని మొదటి స్లాటులో పెట్టాను, మళ్లీ ఎర్రర్లు. మొదటిదాన్ని రెండో స్లాటులో పెట్టాను, బాగానే ఉంది. ముక్కదే. తీసి పక్కన పడేశాను. నాలుగు జీబీ పోయింది, మిగిలిన నాలుగూ నాన్న పాటలకు చాలు.

జులై 9, బుధవారం

అమ్మ కొండ మీది గుడిలో అమ్మవారి శాకంబరి అలంకారం చూసొచ్చింది. గర్భగుడి చుట్టూ కట్టిన కూరగాయల దండల గురించి రాత్రి దాకా చెబుతూనే ఉంది.

నిన్నా ఇవాళా పాటలు ఒక్కసారి కూడా ఆగలేదు. ఈవెంట్ వ్యూయర్‌లో కొత్త ఎర్ర గుర్తు లేదు. ఈ విండోస్ 10కి అక్టోబరు 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోతాయి, ఈ మిషన్ పదకొండును మోయలేదు. అప్పటికి నెట్ కేబుల్ తీసేసి పాటలకే ఉంచుతాను.

రాయబారం మాత్రం నలభై ఒకటో నిమిషంలో ఆగింది, ఇప్పుడూ.

ఇది రెండో రోగం. మామూలు డేటా సీడీలో ప్రతి 2048 బైట్ల వెంట, గీత పడితే దిద్దుకోవడానికి అదనపు సమాచారం ఉంటుంది. వీసీడీలో ఒక్క డిస్కులో 74 నిమిషాల బొమ్మ పట్టించడం కోసం ఆ రక్షణ తీసేసి, అదే చోట 2324 బైట్లు నింపారు. అందుకే ఒక గీత పడితే వర్డ్ ఫైలు బతికిన చోట నాటకం చెడుతుంది. డిస్కు నుంచి వీడియో ఉండే డీఏటీ ఫైలును కాపీ చేసుకున్నప్పుడు ఆ గీత కూడా ఫైలులోకి వచ్చేసింది.

జులై 10, గురువారం

కాపీ మీదే పని, అసలు ఫైలు ముట్టుకోలేదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో, చెడిన ప్యాకెట్లు వదిలేసి మిగతావాటిని ఉన్నవున్నట్టు కొత్త ఫైలులో పేర్చమన్నాను. మళ్లీ ఎన్‌కోడ్ చేయలేదు. అసలే అది 352 అడ్డం, 288 నిలువు చుక్కల బొమ్మ, ఇంకా నలిపితే ముఖాలు మిగలవు.

నాన్నను పిలిచి పెట్టాను. కౌరవ సభ. బాబాయి పీతాంబరం సర్దుకుని లేచాడు, హార్మోనియం శ్రుతి ఇచ్చింది, పద్యం ఎత్తుకున్నాడు. నలభై ఒకటో నిమిషంలో బొమ్మ గళ్లుగళ్లుగా చెదిరింది, గొంతులో టప్పున ఒక చప్పుడు, రెండు మాటలు పోయాయి. ప్లేయర్ ఆగలేదు. తర్వాతి పూర్తి ఫ్రేమ్ దగ్గర బొమ్మ తేరుకుంది. రాగం సాగదీసి పద్యం ముగించేసరికి జనంలోంచి "వన్స్‌మోర్" అని కేకలు. మళ్లీ కేకలు. బాబాయి నవ్వి, హార్మోనియం వైపు చెయ్యి చూపించి, అదే పద్యం మొదట్నుంచీ అందుకున్నాడు. ఈసారి ఒక్క అక్షరం పోలేదు.

జులై 13, ఆదివారం

బాబాయి వచ్చి చూశాడు. పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాను. "ఏరా, గుడివాడలో మా దుర్యోధనుడి ఇంట్లో హరిశ్చంద్ర కేసెట్ ఉంది. తెస్తే ఎక్కిస్తావా?" అన్నాడు. తెమ్మన్నాను, కానీ వీసీఆర్‌లో పెట్టి చూడొద్దని గట్టిగా చెప్పాను. మన గాలిలో తేమకు టేపు అంచున తెల్లగా బూజు పడుతుంది. బూజుతో ఆడిస్తే అది హెడ్‌కు అంటుతుంది, తర్వాత పెట్టిన కేసెట్లకూ పాకుతుంది, టేపు తెగినా తెగొచ్చు. ముందు కేసెట్ చిన్న కిటికీలోంచి చుట్ట అంచు చూసి ఫొటో పంపమన్నాను.