గుఱ్ఱమునకు శిక్షణము

మా రెంటచింతల వైపు రైతులు క్రొత్త కోడెను కాడికి మప్పునపుడు దానిని అనుభవముగల యెద్దుతో జతకట్టుదురు. నేర్పరియైన రైతు మొదట మాటతో అదలించును గాని చర్నాకోల నెత్తడు. ఈ మర్మమే గుఱ్ఱపుస్వారికిని మూలము.

గుఱ్ఱపు నడకలను మన పెద్దలు శ్రద్ధతో విచారించిరి. అమరకోశమున ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము అను అయిదు గతులు చెప్పబడినవి. తెలుగున మనుమంచి భట్టు హయలక్షణ విలాసమును రచించెను. పాశ్చాత్యులు అశ్వశిక్షణమును డ్రెస్సేజ్ అందురు. అది ఫ్రెంచిమాట, శిక్షణమనియే దాని యర్థము.

అందు ముఖ్యమైనది గుఱ్ఱము తన దేహమును కూడదీసికొనుట. సహజముగా దాని బరువులో నెక్కువపాలు ముందుకాళ్లపై నుండును. వెనుకకాళ్లను పొట్టక్రిందికి చేర్చి, కీళ్లు వంచి, బరువును వెనుకకు గ్రహించినచో ముందుభాగము తేలికపడి మెడ తనంతట పైకి లేచును. కళ్లెము గుంజి మెడ వంచినచో చూపునకు అట్లే యుండును గాని, వీపు బిగిసి నడక చెడును.

కావున రౌతు మొదట మడమల యొత్తిడితో వెనుకకాళ్లను ముందునకు రప్పించి, క్షణకాలము పగ్గమును నిలిపి, గుఱ్ఱము విన్నంతనే సడలింపవలెను. ఈ సడలింపే దానికి బహుమానము. వినిన పిమ్మటను బిగింపు వీడకున్నచో, వినుటవలన లాభమేమని అది మొద్దుబాఱును. నడక నుండి దుడుకునకు, దుడుకు నుండి నిలుకడకు మాటిమాటికి మార్చుచు, నడుమ పగ్గము వదలి మెడ చాచుకొననిచ్చుచు, ఏండ్ల తరబడి నేర్పవలెను.

బలముతో పనిలేదనుటకు డెన్మార్కు వనిత లిస్ హార్టెల్ నిదర్శనము. 1944లో గర్భవతిగా నున్నపుడు ఆమెకు పోలియో సోకి మోకాళ్లక్రింద కాళ్లు చచ్చుపడెను. గుఱ్ఱము నెక్కుటకును దిగుటకును ఒకరి సాయము కావలెను. స్త్రీలకు డ్రెస్సేజ్ పోటీలో తొలిసారిగా ప్రవేశము లభించిన 1952 హెల్సింకి ఒలింపిక్సులో, జూబిలీ యను గుఱ్ఱముపై పురుషులతో పోటీపడి ఆమె రజతపతకము గైకొనెను. 1956లో మరల గెలిచెను. కాలితో అదలింపలేని యామె దేహభారపు స్వల్పమైన మార్పునే జూబిలీ గ్రహించెడిది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో ఈ విద్యయందే స్వర్ణము సాధించిన మన జట్టున సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్ అను యువతు లిరువు రుండిరి.

సోదరీమణులారా! ఇంట బిడ్డను దిద్దునపుడు మనము గద్దించుట యెఱుగుదుము; వినినవెంటనే గద్దింపు మానుట యెందఱ మెఱుగుదుము? చెప్పినమాట వినిన పిదపను సణుగుడు వినవలసివచ్చు బిడ్డ, కొన్నాళ్లకు రెంటిని వినుట మానును.