కొచ్చి తీరాన క్రిస్మస్ చెట్టు

సంస్థ కల్పించిన ఎల్.టి.సి. సౌకర్యాన్ని వినియోగించుకొని 2023 డిసెంబరులో మేము సకుటుంబంగా కొచ్చి నగరాన్ని సందర్శించాము. పండుగ పూట సొంత ఇంటికి తాళం వేసి ఊళ్ళు తిరగడమేమిటని టౌన్‌షిప్‌లో ఇరుగుపొరుగువారు ఆశ్చర్యపోయారు. నిజానికి క్రిస్మస్‌కు ఇల్లు విడిచి వెళ్ళే అలవాటు మాకూ లేదు. ఆ ఏడు మాత్రం ఇంట్లో ఉండటానికి మనసొప్పలేదు.

ఆ వేసవిలోనే మా ఇంటి పెద్దదిక్కు, పిల్లల నానమ్మ, కన్నుమూశారు. ఆమె భీమునిపట్నానికి ఆవల సముద్రపు ఒడ్డున ఒక చిన్న పల్లెలో ఉండేవారు. ఏటా డిసెంబరు 20వ తేదీ దాటగానే ఒక సరుగుడు కొమ్మను గోనెపట్టాలో చుట్టి, బస్సు మీద వేయించుకొని విశాఖపట్నంలోని మా క్వార్టరుకు వచ్చేవారు. పాత నూనె డబ్బాలో తడి ఇసుక కూరి ఆ కొమ్మను నిలబెట్టేవారు. తాటాకుతో నక్షత్రం అల్లేవారు. పిల్లలు ఖాళీ అగ్గిపెట్టెలకు రంగు కాగితాలు అంటించి దారాలతో వేలాడదీసేవారు. మా ఇంట క్రిస్మస్ చెట్టంటే అదే.

2022లో మేము బజారు నుండి ప్లాస్టిక్ చెట్టు కొని తెచ్చాము. నానమ్మ వచ్చేసరికి అది ముందు గదిలో దీపాలతో మెరుస్తున్నది. ఆమె దానిని కాసేపు చూసి “బాగుంది” అన్నారు. తాను తెచ్చిన కొమ్మను వెనుక వరండాలో గోడకు ఆనించారు. “అక్కడే ఉండనీ అమ్మా, తరువాత చూద్దాము” అన్నాము. ఆ తరువాత ఎవరమూ చూడలేదు. జనవరిలో ఎండిపోయిన ఆ కొమ్మను తోటపనివాడు పొయ్యిలోకి పట్టుకుపోయాడు. మరుసటి డిసెంబరు వచ్చేసరికి నానమ్మ లేరు. అటక మీదున్న ప్లాస్టిక్ చెట్టు పెట్టెను దింపడానికి మాకు చేతులు రాలేదు. అందుకే టిక్కెట్లు తీసుకున్నాము.

విశాఖపట్నం నుండి ఆలప్పుళ పోయే ఎక్స్‌ప్రెస్ ఎక్కి మరునాడు ఎర్నాకుళంలో దిగాము. అక్కడి జెట్టీ నుండి పడవలో ఓడరేవు నీటిని దాటి ఫోర్ట్ కొచ్చి చేరుకున్నాము. ఆ ఊరి ముఖచిత్రమనదగినవి చీనా వలలు. టేకు దుంగలు, వెదుళ్ళతో కట్టిన పెద్ద చట్రానికి వేలాడే ఈ వలను ఒక వైపు నుండి నీటిలోకి దించుతారు. మరొక వైపు తాళ్ళకు కట్టిన బండరాళ్ళు బరువును సరితూస్తూ ఉండగా నలుగురైదుగురు కలిసి పైకి లాగుతారు. అంత పెద్ద వలలోనూ ఒక్కొక్కసారి గుప్పెడు చేపలే పడటం చూసి మా చిన్నవాడు ఎంతో దిగులుపడ్డాడు.

సమీపంలోనే సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి ఉన్నది. సముద్రమార్గాన భారతదేశానికి వచ్చిన వాస్కో డ గామా 1524 డిసెంబరు 24న, సరిగా క్రిస్మస్ ముందునాడు, కొచ్చిలోనే మరణించి ఈ చర్చిలో సమాధి అయ్యాడు. అనంతరం అతని అవశేషాలను పోర్చుగల్‌కు తరలించారు. సమాధి స్థలం మాత్రం ఇప్పటికీ చూపుతారు. ఎంత పేరు మోసినవాడైనా పండుగ ముందునాడు ఇంటికి అంత దూరాన కన్నుమూశాడు గదా అనుకుంటూ ఆ రాయి వద్ద కొంతసేపు నిలబడ్డాము.

మేము బస చేసినది ఒక వృద్ధురాలి ఇంట. ఆమె తన ఇంటి మేడమీది గదులను యాత్రికులకు అద్దెకు ఇస్తారు. పిల్లలు ఆమెను ఆంటీ అని పిలవసాగారు. ఆమె మమ్మల్ని “మోళే” అనీ “మోనే” అనీ పలకరించేవారు. మలయాళంలో ఆ మాటలకు అమ్మాయీ, అబ్బాయీ అని అర్థం. వాకిట కాగితపు నక్షత్రం వెలుగుతున్నది. వసారాలో ఒక మూల ఎండుగడ్డితో చిన్న పశువుల పాక కట్టి, అందులో బాలయేసు, మరియ, యోసేపుల బొమ్మలను ఉంచారు. దీనిని అక్కడివారు పుల్కూడు అంటారు. పుల్లు అంటే గడ్డి, కూడు అంటే గూడు.

రెండవ మూలన మమ్మల్ని నిలవేసిన వస్తువు కనిపించింది. పైకప్పు కొక్కెం నుండి ఒక పాత చేపల వల గోపురంలా జారి, నేలమీది వెదురు చట్రాన్ని చుట్టుకొని ఉన్నది. వల కళ్ళలో గవ్వలు, ఆల్చిప్పలు, కొబ్బరి పీచుతో చుట్టిన ఉండలు, మెరుగు కాగితపు పువ్వులు అమర్చి ఉన్నాయి. లోపల ఒక్కటే దీపం. ఆకు లేదు, కొమ్మ లేదు. అయినా చూడగానే మా అమ్మాయి “క్రిస్మస్ చెట్టు!” అన్నది.

“మా ఆయన వల అది” అన్నారు ఆంటీ, వచ్చీరాని మా ఇంగ్లీషుకు తగిన ఇంగ్లీషులోనే. “ఆయన పోయాక పారేయలేకపోయాను. పండుగకు ఇలా కట్టాను. దీనిని చెట్టు అన్నది మనుమలే. నేను కాదు.”

ఆ రాత్రి మేము ఈ విషయమే మాట్లాడుకున్నాము. ఫిర్, స్ప్రూస్ వంటి చెట్లను ఇంట్లో అలంకరించే ఆచారం జర్మన్ ప్రాంతాలలో 16వ శతాబ్దినాటికే ఉన్నది. 1848లో విక్టోరియా రాణి కుటుంబం అలంకరించిన చెట్టు చుట్టూ నిలబడిన చిత్రం లండన్ పత్రికలో వెలువడిన పిదప ఇంగ్లీషు వారి ఇళ్ళలోనూ అది బాగా వ్యాపించింది. అయితే అసలు చెట్టు లేక మరొక దానితో సరిపెట్టుకోవడం మన వంటి ఉష్ణదేశాల వారి అవస్థ మాత్రమే కాదు. అడవులు తరిగిపోతున్నాయన్న చింతతో 19వ శతాబ్దిలో జర్మనీ వారే బాతు ఈకలకు ఆకుపచ్చ రంగు అద్ది, తీగలకు చుట్టి చెట్లు తయారు చేశారు. ఆ ఈకల చెట్లు అమెరికా దాకా ప్రయాణించాయి.

మన సరుగుడు సంగతీ అటువంటిదే. చూపులకు సూదులవంటి ఆకులున్నా అది పైన్ జాతికి చెందినది కాదు. ఆ సూదులు నిజానికి ఆకులే కావు, కణుపులు కణుపులుగా ఉండే సన్నని పచ్చని రెమ్మలు. అసలు ఆకులు కణుపు చుట్టూ కంటికి ఆననంత చిన్న పొలుసులుగా ఉంటాయి. రెమ్మను ఒక కణుపు వద్ద విరిచి మళ్ళీ అతికించి, ఎక్కడ విరిగిందో చెప్పమని నానమ్మ పిల్లలను ఆడించేవారు. తీరంలో ఇసుక కదలకుండా ఆపేదీ, పెనుగాలికి అడ్డు నిలిచేదీ, పందిళ్ళకు రాటలనూ పొయ్యికి వంటచెరకునూ ఇచ్చేదీ ఆ చెట్టే. ఆమె మా కోసం తెచ్చినది ఏదో దేశపు చెట్టుకు నకలు కాదు. తన వాకిట పెరిగిన దానినే తెచ్చారు. ఆ మాట మాకు కొచ్చిలో, మరొకరి ఇంట, తెలిసివచ్చింది.

అర్ధరాత్రి ఆరాధనకు శాంతాక్రూజ్ బసిలికాకు వెళ్ళాము. ఇప్పుడున్న ఆ మందిరం 1905లో ప్రతిష్ఠితమైనది. భాష తెలియకపోయినా పాటల వరుసలు కొన్ని పరిచితమైనవే.

క్రిస్మస్ మరునాటి రాత్రి ఆంటీ మమ్మల్ని వెళి మైదానానికి పంపారు. అక్కడి మహావృక్షానికి స్థానికులు ఏటా ఈ రోజులలో విద్యుద్దీపాలు అలంకరిస్తారు. మానుకూ కొమ్మలకూ దీపాల తోరణాలు చుట్టిన ఆ వృక్షం క్రింద జనం తిరునాళ్ళలా గుమిగూడి ఉన్నారు. అది నిద్రగన్నేరు. దక్షిణ అమెరికా నుండి వచ్చి మన రోడ్ల వెంట నీడనిస్తున్న చెట్టే. సాయంకాలమైతే ఆకులు ముడుచుకొని నిద్రపోతుంది గనుక ఆ పేరు. “నిద్రపోయే చెట్టుకు ఇన్ని దీపాలు పెడితే ఎలా నాన్నా?” అని చిన్నవాడు అడిగాడు. పండుగ గదా, ఈ కొద్ది రోజులూ ఓర్చుకుంటుందిలే అని సమాధానం చెప్పాము.

తిరుగు ప్రయాణం నాడు పిల్లల ద్వారా ఆంటీకి నానమ్మ సంగతి తెలిసింది. వెనుక వరండా సంగతి మేమే చెప్పాము. ఆమె ఓదార్పు మాటలేవీ పలకలేదు. లోపలికి వెళ్ళి అరచేతి వెడల్పున్న వల ముక్క ఒకటి కత్తిరించి తెచ్చి మా అమ్మాయి చేతిలో పెట్టారు. “వచ్చే ఏడు ఇంట్లో ఉండండి” అన్నారు. అంతే.

2024 డిసెంబరులో మేము ఇంట్లోనే ఉన్నాము. 20వ తేదీ దాటగానే నలుగురమూ నానమ్మ ఊరు వెళ్ళాము. ఒక సరుగుడు తోటలో కోత జరుగుతున్నది. రాటలకు పనికిరాని తల కొమ్మలను ఒక ప్రక్క కుప్ప వేస్తారు. నానమ్మ కొమ్మలు ఎక్కడివో మాకు అప్పుడు తెలిసింది. ఆమె ఏనాడూ ఒక చెట్టును కొట్టించలేదు. తోటవారు ఆమెను గుర్తుచేసుకొని మంచి కొమ్మ ఏరి ఇచ్చారు, డబ్బు పుచ్చుకోలేదు. నూనె డబ్బా ఆమె వంటగదిలోనే దొరికింది.

ఇటువంటి చెట్టు నిలుపదలచిన సోదర ఉద్యోగులకు మా అనుభవం కొంత ఉపకరించవచ్చును. ఇసుకను బాగా తడిపి, మొదటికి ఇటుక ముక్కలు దట్టించాలి. దినమూ కొంచెం నీరు పోస్తూ ఉంటే వారం దాకా పచ్చదనం నిలుస్తుంది. ఎండిన రెమ్మ ఇట్టే అంటుకుంటుంది గనుక కొవ్వొత్తులు దగ్గరకు రానీయరాదు, చిన్న ఎల్.ఇ.డి. దీపాలే మేలు. కొమ్మ దొరకనివారు, ఇల్లు ఇరుకైనవారు కొబ్బరి ఈనెలను త్రికోణంగా కట్టి గోడకు వేలాడదీయవచ్చును. టౌన్‌షిప్ చెట్లను మాత్రం విరువనక్కరలేదు.

మా కొమ్మకు అగ్గిపెట్టెలూ, తాటాకు నక్షత్రమూ అమరాయి. నక్షత్రం నానమ్మ అల్లినంత చక్కగా కుదరలేదు, ఒక కోణం వంకర పోయింది. దాని క్రిందనే కొచ్చి వల ముక్కను కట్టాము. మా అమ్మాయి అటక మీది ప్లాస్టిక్ చెట్టును కూడా దింపి, దుమ్ము దులిపి, వెనుక వరండాలో గోడకు ఆనించి నిలబెట్టింది. ఎందుకని మేము అడుగలేదు. పండుగ రాత్రి వంటలయ్యాక చూస్తే, చిన్నవాడు దానికి కూడా ఒక అగ్గిపెట్టె కట్టి ఉన్నాడు.