పదకొండు నెలల అబద్ధం

“మాత్ర రోజూ వేసుకుంటున్నారా అమ్మా?” అని డాక్టరుగారు అడిగిన ప్రతిసారీ “వేసుకుంటున్నానండీ” అన్నాను. లెట్రోజోల్ షీట్లేమో బీరువాలో చీరల కింద పేరుకుపోతున్నాయి.

పొద్దున్నే వేళ్లు పట్టేసి పాలగిన్నె దించలేకపోయేదాన్ని. ఆ నొప్పులు ఒక సాకు. అసలు కారణం నా అతితెలివి. 39వ ఏటే నాకు గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేశారు. రొమ్ములో గడ్డ 56వ ఏట బయటపడింది. రిపోర్టులో ఈఆర్ పాజిటివ్ అని ఉంది. అంటే ఈస్ట్రోజెన్ అందితే పెరిగే రకమన్నారు. అండాశయాలే లేనిదానికి ఈస్ట్రోజెన్ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎండిన బావికి మూతెందుకని మాత్ర మానేశాను. ఎవర్నీ అడగలేదు.

అంతకుముందు ఇంకో తెలివితక్కువ పని కూడా చేశాను. కీమో రోజుల్లో పక్క మంచం ఆవిడకు ట్రాస్టుజుమాబ్ ఎక్కిస్తుంటే, ఖరీదైన మందని నాకు ఎగ్గొడుతున్నారని నర్సుతో పోట్లాడాను. ఆవిడ గడ్డ కణాల మీద హెర్-2 గ్రాహకాలు మితిమీరి ఉన్నాయి. కణాన్ని పెరగమని, రెండుగా చీలమని లోపలికి పురమాయించేవి అవే. ఆ మందు వాటికి అతుక్కుని అడ్డుపడుతుంది. నా గడ్డలో హెర్-2 ఎక్కువగా లేదు. ఎక్కించినా దండగే.

మా కోడలు చీరలు సర్దుతూ షీట్లు చూసింది. ఆ వారమే నన్ను తీసుకెళ్లి, వాటిని డాక్టరుగారి బల్ల మీద పోసింది. నేను తలెత్తలేదు. ఆయన తిట్టలేదు. “మీరనుకున్నది సగం నిజమే. అండాశయాలు తీసేస్తే గడ్డ తగ్గడం 1896లోనే గ్లాస్గోలో బీట్సన్ అనే సర్జన్ చూశాడు” అని, మిగతా సగం చీటీ వెనక బొమ్మ గీసి చూపించారు. మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు కొన్ని హార్మోన్లు చేస్తాయి. ఒంట్లోని కొవ్వు, కండరాలు వాటిని ఈస్ట్రోజెన్‌గా మార్చేస్తాయి. రొమ్ములోని కొవ్వు కూడా. ఆ మార్పు చేసే ఎంజైము అరోమటేజ్. నేను చీరల కింద దాచిన 2.5 మిల్లీగ్రాముల మాత్ర ఆపేది దాన్నే. బావి ఎండినా ఊట ఇంకోచోట ఉందన్నమాట.

పరీక్షల్లో మళ్లీ గడ్డ ఏమీ కనబడలేదు, బతికిపోయాను. కీళ్ల నొప్పుల గురించి అప్పుడు చెప్పాను. ఆయన వెంటనే అదే కోవ మందు ఎక్సెమెస్టేన్‌కు మార్చారు. రోజూ రాత్రి అన్నం తిన్నాక కోడలి ఎదుటే వేసుకుంటున్నాను. నొప్పులు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు.