ఈత వచ్చినవాళ్ళ బెండు

మా వూరు బలసముద్రం, పావగడ తాలూకా. పేరులో సముద్రముందని మా వూళ్ళో ఓడలు ఆగుతాయనుకొనేరు! ఈ సీమలో సముద్రమంటే చెరువే. అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రమూ ఆ కోవలోదే. వాన మొహమెరగని చోట చెరువుకు సముద్రమని పేరు పెట్టుకోవడం కరువుసీమ వాళ్ళ ధైర్యం. 2018లో ప్రారంభమైన సోలార్ పార్కు కోసం మా వూరితో కలిపి అయిదు వూళ్ళ పొలాల్లో, సుమారు 13,000 ఎకరాల మేర, ఎండతో కరెంటు తీసే పలకలు పరిచారు. దూరంనుంచి చూస్తే నీలంగా అచ్చం నీళ్ళలాగే వుంటాయి. మాకు దక్కిన సముద్రం అదే.

అలాంటి వూరివాళ్ళం పడవలో తొడుక్కొనే లైఫ్ జాకెట్టును గురించి రాయడమేమిటని మీరు నవ్వవచ్చు. దానికి కారణం మా చెల్లెలి కూతురు. సికింద్రాబాదులో వుంటున్న ఆ పిల్లకు పదకొండేళ్ళు. హుస్సేన్ సాగరులో తెరచాప పడవ నడపడం నేర్చుకొంటోంది. ఆ పడవ పేరు ఆప్టిమిస్టు. ఎనిమిది అడుగులైనా లేని డొప్పలాంటి పడవ. ఒక పిల్ల, ఒక తెరచాప, అంతే. 1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన పిల్లలకోసమని గీసిన నమూనా అది. నేడు ఎన్నో దేశాల పిల్లలు మొట్టమొదట ఎక్కేది ఆ పడవే.

వేసవి సెలవులకు పిల్ల వూరికి వచ్చింది. సొంతంగా ఒక జాకెట్టు వుంటే మేలని మా చెల్లెలు అనడంతో, బెంగుళూరులో కొని తెచ్చే పని మా మీద పడింది. కొనకముందే పేచీ మొదలయింది. "నాకు ఈత బాగా వచ్చు మామా! ఇంకా బెండ్లు కట్టుకొని తిరగాలా?" అన్నది పిల్ల.

ఆ బెండ్ల కథ మా నోటినుంచి విన్నదే. మా చిన్నతనంలో బావిలో ఈత నేర్పేటప్పుడు వీపుకు ఎండు బెండ్లు కట్టి నీళ్ళలోకి తోసేవారు. ఈత పట్టుబడేకొద్దీ ఒక్కొక్క బెండూ తగ్గించేవారు. వట్టి వీపుతో దూకిన నాడు మాకు పట్టాభిషేకమే. అటువంటి కథలు విన్న పిల్లకు, ఈత వచ్చాక మళ్ళీ వీపుకు ఏదో కట్టుకోవడమంటే చిన్నతనంగా తోచదూ?

అయితే బావి వేరు, గాలికి నడిచే పడవ వేరు. బావిలోకి మనం చూసుకొని దూకుతాం. పడవ మాత్రం మనకు చెప్పకుండా నీళ్ళలో పడేస్తుంది. గాలి మారితే తెరచాప కింది కర్ర ఈ వైపునుంచి ఆ వైపుకు విసురుగా వస్తుంది. అది తలకు తగిలితే ఎంత ఈత వచ్చి ఏం లాభం? పడవ బోల్తాపడడం ఆ విద్యలో మామూలే. దాన్ని తిరిగి నిలబెట్టడం మొదటి పాఠాల్లో ఒకటి. రెండు మూడుసార్లు నిలబెట్టేసరికి చేతులు సోలిపోతాయి. ఈదడానికి చేతుల్లో సత్తువ కావాలి. జాకెట్టు మనలో సత్తువ లేనప్పుడూ తేలుస్తుంది. బెండు ఈత రానివాళ్ళకు. జాకెట్టు ఈత వచ్చినవాళ్ళకు కూడా. ఇలా చెప్పేసరికి పిల్ల సగం మెత్తబడింది.

మరి ఏ రకం కొనాలి? నీళ్ళలో మనిషి బరువు చాలావరకు నీళ్ళే మోస్తాయి. ముక్కూ నోరూ పైన వుండడానికి కావలసిన సాయం కొద్ది కిలోలే. ఆ సాయాన్ని న్యూటన్లలో కొలుస్తారు. పెద్దవాళ్ళ కొలతలో 50 న్యూటన్లంటే సుమారు 5 కిలోలను తేల్చే బలం. ఈ రకం ఈత వచ్చి, కాపాడే పడవ దగ్గరలో వున్నవాళ్ళకు. ఒంటికి పల్చగా వుంటుంది, చేతులు బాగా ఆడతాయి, బోల్తాపడి తెరచాప కింద చిక్కితే బయటికి రావడానికి అంతగా అడ్డుపడదు. కాని స్పృహ తప్పినవాళ్ళను తేల్చినా, ముఖం పైకి తిప్పుతుందన్న భరోసా లేదు. వెంట వున్న పడవ వెంటనే అందుకోవాలి. ముఖం పైకి తిప్పడానికని చేసినవి, మెడ దగ్గర దిండులాంటి పట్టీ వున్నవి, 100 న్యూటన్లూ ఆ పైవీ. ఈత రానివాళ్ళకు అవే తగినవి. తడవగానే దానంతటదే గాలి నింపుకొనే రకం ఒకటుంది గాని, గంటకు పదిసార్లు తడిసే చిన్న పడవలో అది పనికిరాదు. మా పిల్లకు ఈత వచ్చు, వెంట కాపాడే పడవ వుంటుంది. కనుక మొదటి రకమే ఖాయం చేసుకొన్నాం.

తర్వాత సైజు దగ్గర తగవు. "పెరిగే పిల్ల రా! ఒక సైజు పెద్దది తే, రెండేళ్ళు వస్తుంది" అన్నాడు మా అన్న. బడి గౌనునుంచి చెప్పులదాకా మన ఇళ్ళలో అదే కదా శాసనం! మా అమ్మకు న్యూటన్లు తెలియవు గాని, జాకెట్టు అన్న మాట చెవిని పడింది. "జాకెట్టు వదులైతే జారిపోదా రా? కొలత ఇయ్యందే మా టైలరు గుడ్డ ముట్టడు" అన్నది.

అందరం నవ్వాం గాని, న్యాయం ఆమెదే. వదులు జాకెట్టు నీళ్ళలో చెవులదాకా పైకి తేలుతుంది, మనిషి అందులోంచి కిందికి జారుతుంది. సైజును వయసునుబట్టి కాదు, లోపల చీటీమీద రాసివున్న బరువునుబట్టీ ఛాతీ కొలతనుబట్టీ చూసుకోవాలి. అంగడి తక్కెడలో తూస్తే పిల్ల 32 కిలోలు. ఆ బరువుకు తగినదే తెచ్చాం. తొడిగి, పట్టీలన్నీ బిగించి, చేతులెత్తమని భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూశాం. గడ్డం దాటి రాలేదు. కాళ్ళ మధ్యనుంచి వచ్చే పట్టీని వదిలేయకుండా అదీ బిగించాం.

ఎంత మంచి జాకెట్టయినా ఒంటిమీద వుంటేనే పని చేస్తుంది. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోతున్న పడవ గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగింది. 50 మందికి పైగా పోయారు. జాకెట్లు తొడుక్కొన్నవాళ్ళలో పలువురు తేలుతూ వుంటే దగ్గరి వూరివాళ్ళు పడవలమీద వచ్చి అందుకొన్నారు. భోజనాల వేళకు కొందరు విప్పి పక్కన పెట్టారని బయటపడినవారు చెప్పినట్టు అప్పటి పత్రికల్లో చదివాం. ఇది చెప్పాక పిల్ల మారు మాట్లాడలేదు. మేము సడలించిన పట్టీలను తనే మళ్ళీ బిగించుకొన్నది.

వాడిన జాకెట్టును మంచినీళ్ళలో జాడించి నీడన ఆరేయాలి. దానిమీద కూర్చోకూడదు, తలగడ చేసుకోకూడదు; లోపలి నురుగుదిమ్మె అణిగితే తేల్చే బలం తగ్గుతుంది. సెలవుల్లో మీరూ పిల్లాపాపలతో పడవ ఎక్కుతారు. అడుగు లోపల పెట్టకముందే తలా ఒక జాకెట్టు అడిగి తొడుక్కొని, గట్టుమీద కాలు మోపేదాకా విప్పకండి. ఈత వచ్చిన పెద్దవాళ్ళు ముందు తొడుక్కోవాలి. పిల్లలు మన మాట కన్న మన వీపు చూసి నేర్చుకొంటారు.