ఒక్క దీర్ఘం తేడా



మీలాద్ నెల వచ్చిందంటే ఏలూరులో, తాడేపల్లిగూడెంలో మన గల్లీల్లో 'తాజ్‌దారె హరమ్' మోగాల్సిందే. కైకలూరు నుంచి కొల్లేరు చేపల లోడుతో పోయే లారీ క్యాబిన్లోనూ ఒకసారి విన్నాను. ఈ కవ్వాలీ పేరెత్తితే మా తరానికి గుర్తొచ్చేది సాబ్రీ బ్రదర్స్. మా పిల్లలకు మాత్రం ఆతిఫ్ అస్లమ్.

గులామ్ ఫరీద్ సాబ్రీ, మఖ్బూల్ అహ్మద్ సాబ్రీ అన్నదమ్ములు. దేశ విభజన తర్వాత వాళ్ల ఖాందాన్ కరాచీ చేరింది. హార్మోనియం, తబలా, ఢోలక్, చప్పట్లు, ఇదే వాళ్ల సరంజామా. ఒక మిస్రా పట్టుకుని తక్రార్ చేస్తారు. మధ్యలో ఇంకో షాయిర్ షేర్ తెచ్చి గిరహ్ కడతారు. ఉర్దూలో మొదలైన పాటలోకి పూరబీ, ఫార్సీ, అరబ్బీ అన్నీ వచ్చి చేరతాయి. మహఫిల్ ఎంత వేడెక్కితే పాట అంత సాగుతుంది.

2015లో కోక్ స్టూడియో ఎనిమిదో సీజన్‌లో ఆతిఫ్ అస్లమ్ ఆ సాబ్రీల మీద అఖీదత్‌తో దీన్ని పాడాడు. గిటార్, డ్రమ్స్ వచ్చాయి. పాట పది నిమిషాల్లోకి కుదురుకుంది. మరుసటి ఏడాది రంజాన్‌లో, 2016 జూన్ 22న, గులామ్ ఫరీద్ సాబ్ కొడుకు అమ్జద్ సాబ్రీని కరాచీలో కాల్చి చంపారు. 2018లో 'సత్యమేవ జయతే' అనే హిందీ సినిమాలో సాజిద్-వాజిద్ ఇదే పేరుతో ఇంకో పాట చేశారు.

గిటార్‌తో నాత్ పాడటం బేఅదబీ అనే బుజుర్గులు మనలో ఉన్నారు. మౌసిఖీ జాయిజా కాదా అన్న మస్లా ఉలమాలకు వదిలేస్తాను. నాకు తెలిసినంతలో గిరహ్ కట్టడమే కవ్వాలీ రివాజు. ఒకరి కలామ్‌కి ఇంకొకరి షేర్ ముడివేయకుండా కవ్వాల్ లేడు. ఏలూరు తివాచీ చూడండి. నక్షా అదే, నేసే చేతులు మారుతుంటాయి. సాజ్ మారితే నాకు ఫికర్ లేదు. నా ఫికరంతా లఫ్జ్ గురించే.

తాడేపల్లిగూడెంలో ఉండే మా మేనల్లుడు పోయినసారి జల్సాలో పాడటానికి ఈ పాటను తెలుగు లిపిలో నోట్‌బుక్కులోకి ఎక్కించుకున్నాడు. ఇంగ్లీష్ మీడియం చదువు, ఉర్దూ రాదు. యూట్యూబ్‌లో ఇంగ్లీషు అక్షరాలు చూసి రాసుకున్నాడు. వాడు పాడుతుంటే మా అమ్మ ఆపింది. "బేటా, హరామ్ కాదురా. హరమ్!"

హరమ్ అంటే పాక్ జమీన్, మక్కా మదీనా. తాజ్‌దారె హరమ్ అంటే ఆ పవిత్ర స్థలానికి సుల్తాన్, మన సర్కార్ సల్లల్లాహు అలైహి వసల్లమ్. హరామ్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఒక్క దీర్ఘంతో తారీఫ్ కాస్తా తౌహీన్ అయిపోతుంది. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే స్పెల్లింగ్. తెలుగు లిపిలో ఆ తేడా సాఫ్‌గా రాయొచ్చు, అయితే అది ముందు చెవికి తెలియాలి.

తెలుగుకూ లొంగనివి ఉన్నాయి. పెద్ద ఖాఫ్‌తో రాసే ఖల్బ్ అంటే గుండె. చిన్న కాఫ్‌తో రాస్తే కుక్క. మన నోట్లో పెద్ద ఖాఫ్ 'ఖ' అవుతుంది, కాగితం మీద చాలాసార్లు 'క' అవుతుంది. దాని అసలు మఖ్రజ్‌కి తెలుగులో అక్షరమే లేదు. మా వాడు దానికో తర్కీబ్ కనిపెట్టాడు. పెద్ద ఖాఫ్ వచ్చిన చోటల్లా 'క' మీద రెండు నుఖ్తాలు పెడతాడు, అసలు అక్షరానికి ఉన్నట్టే.

ఏ నుఖ్తా ఎక్కడ పెట్టాలో చెప్పేది మాత్రం వాళ్ల నానీయే. మా ఇంట్లో ఉర్దూ చదవగలిగింది ఇప్పుడు ఆమె ఒక్కతే. మీ ఇళ్లలోనూ అలాంటి నానీయో దాదీయో ఉంటే, ఈ మీలాద్‌కి పిల్లల చేతిలో ఫోన్‌తోపాటు ఒక నోట్‌బుక్ కూడా పెట్టి ఆమె పక్కన కూర్చోబెట్టండి.