ముందు కన్నాలు మూయాలి

మా ఊరు కొలకలూరు. బెజవాడ నుంచి తెనాలి వచ్చే రైలు దుగ్గిరాల దాటాక మా ఊరి మీదుగానే పోతుంది. ఊరికి ఒక పక్కన, కాలువ గట్టును ఆనుకుని మా కాలనీ. మేము యానాదులం. ఈ వ్యాసం రాస్తున్నది ముగ్గురం. ఇద్దరం అన్నదమ్ములం, మూడోది మా మేనత్త కూతురు. పని ముగ్గురం కలిసే నేర్చుకున్నాం, తిట్లు కూడా కలిసే తిన్నాం. అందుకే 'మేము' అని రాస్తున్నాం. మేము చేసే పని కంప్యూటర్ల రిపేరు.

ఈ పని మాకు ఎలా అబ్బిందో చెప్పాలంటే మా నాన్న పని దగ్గర మొదలుపెట్టాలి. వరి పొట్ట మీద ఉన్నప్పుడు ఎలుకలు పడితే రైతు నిద్రపోడు. అప్పుడు మా నాన్నకు కబురు వచ్చేది. బడి లేని రోజుల్లో మేమూ వెంట వెళ్లేవాళ్లం. నాన్న వెళ్లగానే పలుగు పట్టేవాడు కాదు. ముందు గట్టు చుట్టూ తిరిగేవాడు. కొత్త మట్టి పోసి ఉన్న కన్నం ఏది, సాలెపురుగు గూడు కట్టిన పాత కన్నం ఏది అని చూసేవాడు. తర్వాత మట్టి ముద్దలతో ఒక్కో కన్నం మూసుకుంటూ వచ్చి, ఒక్కటే వదిలేవాడు. అడుగున చిల్లి ఉన్న కుండలో ఎండుగడ్డి కూరి, నిప్పు పెట్టి, కుండ మూతి ఆ కన్నానికి ఆనించి చిల్లిలోంచి ఊదేవాడు. పొగ లోపలికి పోయేది. ఇంకెక్కడైనా పొగ పైకి లేస్తే అక్కడ మేము మట్టి పెట్టాలి. "ముందు కన్నాలు మూయాలిరా, తర్వాతే తవ్వాలి. ముందే తవ్వితే గట్టు పోతుంది, ఎలుకా పోతుంది" అనేవాడు. అప్పుడు మాకు అది కూలి పనిగానే కనపడింది. చదువుగా కనపడలేదు.

మేము చూసిన మొదటి కంప్యూటర్ మా మేనత్త గోతంలో వచ్చింది. ఆమె తెనాలి వీధుల్లో పాత సామాను ఏరుకొచ్చేది. ఎవరో పారేసిన కేబినెట్ అది. ఇనుము తూకానికి, అల్యూమినియం వేరే తూకానికి పోతుంది. వైర్లను కాలువ గట్టు మీద తగలబెట్టి రాగి తీసేవాళ్లం. ఆ పొగ ఎలుకల పొగ లాంటిది కాదు. గొంతు పట్టేసేది, కళ్లు మండేవి. వైరు మీద ఉండే పీవీసీ తొడుగు కాలితే డయాక్సిన్లనే విషాలు పుడతాయనీ, పాత బోర్డుల టంకంలో సీసం ఉంటుందనీ చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం కేబినెట్ లోపల పచ్చటి పలక మీద బారులు తీరిన భాగాలు చూసి, ఇది తగలబెట్టే వస్తువు కాదేమో అనిపించింది.

పదో తరగతి పాసయ్యాక మాకు తెలియక ఒక పొరపాటు చేశాం. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరు చేయకండి. ఐటీఐలో 'కోపా' అనే ట్రేడు ఉంటుంది. అది ఒక సంవత్సరం. కంప్యూటర్ నడపడం, టైపు, ప్రోగ్రాములు ప్రధానంగా నేర్పుతారు. పేరులో కంప్యూటర్ ఉందని మాలో ఒకరం అందులో చేరి, రిపేరు ఎప్పుడు నేర్పుతారా అని ఏడాదంతా ఎదురుచూశాం. విప్పడం, బిగించడం, నెట్‌వర్క్ వేయడం ప్రధానంగా నేర్పే ట్రేడు వేరు. దాన్ని ఐసీటీఎస్‌ఎం అంటారు, రెండేళ్లు. టీచర్లు ఈ తేడా పిల్లలకు పదో తరగతిలోనే చెబితే ఒక పేద ఇంట్లో ఒక ఏడాది మిగులుతుంది.

తర్వాత తెనాలిలో ఒక రిపేరు షాపులో చేరాం. మొదట్లో ఊడ్చడం, టీ తేవడం, బ్లోయర్‌తో దుమ్ము కొట్టడం. దుమ్ము కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలని కూడా ఎవరూ చెప్పలేదు, చూసి నేర్చుకున్నాం. అక్కడి పెద్ద మెకానిక్ మంచివాడే, కానీ నోటితో చెప్పేవాడు కాదు. ఒకరోజు ఎంత నొక్కినా తెర మీద బొమ్మ రాని మిషన్ ఒకటి వచ్చింది. ఆయన హార్డ్ డిస్క్ తీసేశాడు, డీవీడీ డ్రైవు తీసేశాడు, అదనపు కార్డులు తీసేశాడు. రెండు ర్యాముల్లో ఒకటి పీకేశాడు. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ఒక్క ర్యాము, ఎస్‌ఎంపీఎస్ మాత్రం మిగిల్చి ఆన్ చేశాడు. బొమ్మ వచ్చింది. ఒక్కోటీ తిరిగి పెట్టుకుంటూ పోతే రెండో ర్యాము దగ్గర మళ్లీ ఆగింది. దొంగ దొరికింది.

మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇది నాన్న పనే! అనుమానం ఉన్న దారులన్నీ మూసేసి, ఒక్కటే వదిలి, అందులోంచి ఏం వస్తుందో చూడటం. ఆ రోజు నుంచి పుస్తకంలోని ఇంగ్లీషు మాటలు మమ్మల్ని భయపెట్టలేదు.

అలా నేర్చుకున్నవి కొన్ని రాస్తాం. అసలు కరెంటే లేనట్టు పడి ఉన్న మిషన్‌కు ముందు ప్లగ్గు, వైరు చూడాలి. తర్వాత ఎస్‌ఎంపీఎస్. దాన్ని బోర్డు నుంచి విడదీసి, ఇరవై నాలుగు పిన్నుల కనెక్టర్‌లో పచ్చ వైరును నల్ల వైరుతో కలిపితే ఫ్యాను తిరగాలి. మల్టీమీటర్ పెడితే పసుపు వైరు మీద 12 వోల్టులు, ఎర్ర దాని మీద 5, నారింజ దాని మీద 3.3 రావాలి. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకండి. ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో షాకు కొట్టేంత కరెంటు నిలవ ఉంటుంది. ఆన్ చేయగానే బీప్‌లు వస్తే చాలాసార్లు ర్యాము కదిలి ఉంటుంది. బీప్‌ల లెక్క కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి బట్టీ పట్టి లాభం లేదు. ర్యాము తీసి, బంగారు రంగు అంచును పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడిచి, 'టక్' మనేదాకా నొక్కాలి. తేదీ ఎప్పుడూ వెనక్కి పోతుంటే బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టు. దాని పేరు సీఆర్2032, 3 వోల్టులది, చవకే. తేదీ తప్పితే ఇంటర్నెట్ సైట్లు కూడా సరిగా తెరుచుకోవు. బోర్డు మీద కెపాసిటర్ల నెత్తి ఉబ్బి ఉంటే కంటికే కనపడుతుంది.

ఇక చెప్పడానికి ఇష్టం లేని సంగతి. షాపులో చేరిన ఏడాదికి ఒకరోజు ఒక ర్యాము కనపడలేదు. ఓనరు ఎవరినీ అడగలేదు, తిన్నగా మా దగ్గరికి వచ్చాడు. "ఏరా, సంచులు చూపించండి" అన్నాడు. షాపులో ఇంకో నలుగురు పనివాళ్లు ఉన్నారు. వాళ్ల సంచులు చూడలేదు. మా అన్నం డబ్బాలు కూడా మూతలు తీసి చూశారు. సాయంత్రానికి ఆ ర్యాము ఇంకో కస్టమర్ మిషన్‌లోనే దొరికింది, పరీక్షకు పెట్టి ఓనరే మర్చిపోయాడు. "పోనీలే" అన్నాడు. ఆ మాట ఆయన మాకు చెప్పుకున్నాడో, తనకు చెప్పుకున్నాడో ఇప్పటికీ తెలియదు.

ఆ రాత్రి మాకు అన్నం సయించలేదు. తెనాలికి దూరం కాని బాపట్ల దగ్గరే స్టూవర్టుపురం ఉంది. నేరస్థ తెగలని ముద్ర వేసి ఎరుకల కుటుంబాలను తెచ్చి పెట్టిన సెటిల్‌మెంటు అది. 1871లో తెల్లవాళ్లు చేసిన ఆ చట్టం మద్రాసు రాష్ట్రానికి 1911లో వచ్చింది. 1952లో రద్దయింది. కాగితం మీద రద్దయింది గాని, వస్తువు పోతే ముందు ఎవరి సంచి విప్పాలి అన్న అలవాటు పోలేదు. మా వాళ్ల సంగతీ అంతే. శ్రీహరికోటను రాకెట్ల కోసం తీసుకున్నప్పుడు అక్కడి యానాది కుటుంబాలను కదిలించారు. 1980 జూలై 18న ఆ నేల మీద నుంచే ఎస్‌ఎల్‌వీ-3 రోహిణిని పైకి మోసుకెళ్లింది. అలాంటి నేల నుంచి లేచి వచ్చిన జాతి పిల్లలు కేబినెట్ మూత తీస్తే, ఏం పోతుందో అని కాపలా కాస్తారు.

మానేద్దామని ఇద్దరం అన్నాం. మా మేనత్త కూతురు ఒప్పుకోలేదు. "మానేస్తే తీసింది మనమే అనుకుంటారు" అంది. మర్నాడు ఒక లాంగ్ నోట్‌బుక్ కొనుక్కొచ్చింది. మిషన్ చేతికి రాగానే తేదీ, ర్యాము ఎంత, దాని మీది సీరియల్ నంబరు, హార్డ్ డిస్క్ నంబరు, ఏ స్క్రూ లేదు, ఏ మూత విరిగింది, అన్నీ రాసి కస్టమర్ చేత సంతకం పెట్టించడం మొదలుపెట్టింది. ముందు అందరూ నవ్వారు. ఆరు నెలలకు ఓనరే షాపు మొత్తానికి ఆ పుస్తకం పెట్టించాడు. మంచి షాపులు జాబ్ కార్డు అని చేసేది ఇదేనని తర్వాత తెలిసింది. వాళ్లు అది పద్ధతి కోసం చేస్తారు. మేము మా పరువు కోసం మొదలుపెట్టాం.

2014లో ఒక ప్రభుత్వ బడి నుంచి పిలుపు వచ్చింది. అక్కడి లెక్కల మాస్టారు కస్టమర్‌గా మాకు పరిచయం. "పది కంప్యూటర్లు ఉన్నాయి, ఒక్కటీ పనిచేయదు. పిల్లలు బయట నుంచి చూసి పోతున్నారు. వచ్చి చూస్తారా అమ్మా" అని మా మేనత్త కూతుర్ని అడిగారు. ఆదివారం వెళ్లాం. తాళం తీస్తే గబ్బిలాల వాసన. గోడ వెంట వేసిన నెట్‌వర్క్ వైర్లు ఎలుకలు కొరికేసి ఉన్నాయి. మాకు నవ్వొచ్చింది. నాన్నను పిలవాల్సింది అనుకున్నాం.

కేబినెట్ మీద చెయ్యి పెడితే జివ్వుమంది. మీటరు పెట్టి చూస్తే ఆ గదికి ఎర్తింగే లేదు. మూడు పిన్నుల ప్లగ్గు ఉంది గాని మూడో పిన్ను వెనక ఏమీ లేదు. ముందు పని ఆపి, ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ గుంట తీయించమన్నాం. మాస్టారు వారంలో తీయించారు. టీచర్లకు మా మొదటి మనవి ఇదే: కంప్యూటర్ బాగుచేయించే ముందు ఎర్తింగు చూపించండి. ముట్టుకునేది పిల్లలు.

మళ్లీ వెళ్లి పదింటినీ వరసగా విప్పాం. రెండింటిలో ర్యాము కదిలింది, అంతే. మూడింటిలో బిళ్ల బ్యాటరీ చచ్చిపోయి, ఆన్ చేయగానే ఒక కీ నొక్కమని అడుగుతూ ఆగిపోతున్నాయి. అది చూసి అవి పాడైపోయాయని రాసి పెట్టారు! మూడింటిలో ఎస్‌ఎంపీఎస్ పోయింది. ఒకదానికి బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బాయి. ఒకదానికి హార్డ్ డిస్క్ పోయింది. బోర్డు పోయినదాని ఎస్‌ఎంపీఎస్ తీసి ఒకదానికి, దాని హార్డ్ డిస్క్ తీసి ఇంకోదానికి పెట్టాం. సాయంత్రానికి ఏడు వెలిగాయి. టీచర్లు తలా కొంత వేసుకుని రెండు ఎస్‌ఎంపీఎస్‌లు కొంటే తొమ్మిది అయ్యాయి. వాటిలో ఉన్నది విండోస్ ఎక్స్‌పీ. ఆ ఏడాది ఏప్రిల్ 8తోనే కంపెనీ దానికి భద్రత మరమ్మతులు ఆపేసింది. అందుకని డబ్బు అక్కర్లేని లినక్స్ వేసి, తెలుగు ఫాంట్లు, తెలుగు కీబోర్డు పెట్టాం. మా కాలనీ నుంచి ఆ బడికి వెళ్లే ఒక చిన్నపిల్ల తన పేరు తెలుగులో కొట్టి, తెర మీద వేలు పెట్టి చూసుకుంది.

పదోదాన్ని మాస్టారు స్టోరు గదిలో పెట్టబోయారు. వద్దన్నాం. దాన్ని బల్ల మీద పెట్టి, మూత తీసి, పిల్లలనే విప్పమన్నాం. చచ్చిన మిషన్‌కు ఇంక పోయేదేం లేదు కాబట్టి పిల్లల చేతులు వణకలేదు. టీచర్లకు రెండో మనవి ఇది: కొత్త కంప్యూటర్ మీద నేర్పే ముందు చచ్చిన కంప్యూటర్ మీద నేర్పండి. ఇంగ్లీషు పేరు తర్వాత చెప్పండి, ముందు అది చేసే పని తెలుగులో చెప్పండి.

ఇప్పుడు మాకు సొంత బల్ల ఉంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి కూడా కంపెనీ మామూలు మద్దతు ఆపేసింది. ఇంకా బతికే మిషన్లు చాలా గోతాల్లోకి వస్తాయి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న కొత్త ఈ-వేస్ట్ నియమాల ప్రకారం పాత ఎలక్ట్రానిక్ సామాను గుర్తింపు ఉన్న రీసైక్లింగ్ వాళ్లకే చేరాలి. కాలనీలో ఇప్పుడు వైర్లు తగలబెట్టనివ్వడం లేదు. ఏరుకొచ్చిన వాళ్లు ముందు మాకు చూపిస్తారు. పనికొచ్చేది తూకం కన్నా ఎక్కువ ధరకు మేమే కొంటాం. మా మేనత్తే ముందు తెచ్చి చూపిస్తుంది.

ఇళ్లకు వెళ్లే పని మా మేనత్త కూతురిదే. ఒక్కతే వెళ్తుంది, సంచిలో మల్టీమీటరు, ఆ నోట్‌బుక్కు. కొందరు ఇప్పటికీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటారు, కాపలాకో, నేర్చుకోవడానికో. ఆమె అందరికీ ఒకేలా చెబుతుంది: "దగ్గరికి జరిగి చూడండి, ఏం తీస్తున్నానో చెబుతాను." మా నాన్న ఒకసారి ఆమె పని చూశాడు. ఒక్కో వైరు విప్పుతుంటే గట్టు మీద కూర్చున్నట్టే గొంతుక్కూర్చుని చాలాసేపు చూసి, "అన్నీ మూశావా?" అని అడిగాడు. "మూశాను మామయ్యా, ఒక్కటే వదిలాను" అంది.